ఎక్స్ డ్రైవ్: ఒక ఆషాఢమాసం పని

ఆషాఢం, మొదటి వారం

ఆషాఢం వచ్చిందంటే మా డీటీపీ షాపులో ఈగలు తోలుకోవడమే. పెళ్లిళ్లు లేవు, కార్డులూ లేవు. ఆడికృత్తికకు కావళ్ల కరపత్రాలు, బడివాళ్ల బిల్లు పుస్తకాలు రెండు, అంతే. శ్రావణం దిగితే మళ్లీ తల గోక్కోవడానికి తీరదు. అందుకే ఈ నెలలోనే బ్యాకప్ సంగతి తేల్చాలని కూర్చున్నాను. చేసింది చేసినట్టు రాసి పెడుతున్నా. రేపు మరిచిపోతే నాకే కావాలి.

గుబులు ఎక్కడ మొదలైందో ముందు చెప్తాను. 2021 నవంబర్ వానలు తిరుపతిలో ఉన్నవాళ్లెవరూ మరిచిపోరు. రాయలచెరువు కట్ట ఏమవుతుందోనని చుట్టుపక్కల పల్లెలు ఖాళీ చేయించిన రోజులవి. మా వీధిలో మోకాటి లోతు నీళ్లు. షాపు మూడు మెట్లు ఎత్తు కాబట్టి లోపల జానెడుతో ఆగింది. షట్టర్ ఎత్తి చూస్తే సీపీయూ నేల మీద నీళ్లలో నిలబడి ఉంది. పోతే పోయింది, బ్యాకప్ డిస్క్ ఉందిలే అనుకున్నా. అది ఎక్కడుంది? అదే బల్ల కింది అరలో. అర లాగితే ముందు నీళ్లొచ్చినాయి, తర్వాత డిస్క్ వచ్చింది.

"రెండు కాపీలు పెట్టినానంటివి కదరా?" అన్నాడు నాయన.

పెట్టినాను. రెండూ ఒకే బల్ల కింద పెట్టినాను.

సీపీయూలో హార్డ్‌డిస్క్ పైఅరలో బిగించి ఉండబట్టి ఆరోజు బతికిపోయాం. ఇన్నాళ్లూ దాంతోనే నెట్టుకొచ్చాను. పోయిన వారం నుంచి అది గోడగడియారంలాగా టిక్కుటిక్కుమంటోంది. డిస్క్ టిక్కుమంటోందంటే లోపల ముల్లు తడబడుతోందని అర్థం. ఆ చప్పుడు విన్నాక నిద్ర పట్టదు.

కొత్త ఎస్ఎస్‌డీ వేసి ఉన్నదంతా అందులోకి ఎక్కించాను, అది సగం రోజు పని. ఇక ఊరు మునిగినా మునగని చోట, అంటే నెట్‌లో, క్లౌడ్ అంటారే అక్కడ, ఇంకో కాపీ ఉండాలి. నెలనెలా డబ్బు కట్టడానికి నాయన ఒప్పుకోడు. "ఫ్రీగా ఇస్తావుంటే డబ్బులెందుకు?" అంటాడు. సరే, ఫ్రీవే చూద్దాం అనుకున్నా.

మూడు రోజుల తర్వాత

ఫ్రీ అంటే ఎంత? గూగుల్ 15 జీబీ, మెగా 20, వన్‌డ్రైవ్ 5, డ్రాప్‌బాక్స్ 2. షాపు ఫోల్డర్ చూస్తే 41 జీబీ. ఆర్‌క్లోన్ అనే ప్రోగ్రామ్‌లో యూనియన్ అని ఒక సదుపాయం ఉంది. నాలుగైదు చోట్ల ఉన్న జాగా అంతా కలిపి ఒకే డ్రైవ్‌లాగా చూపిస్తుంది. ఒక రాత్రంతా ఆ ఆశతోనే గడిపాను. తర్వాత ఒక అనుమానం వచ్చింది. ఏ ఫైలు ఎక్కడ పడిందో తెలియని ఐదు అకౌంట్లలో ఒకటి పోతే, పోయిందేమిటో కూడా తెలియదు కదా. ఒకే కంపెనీలో దొంగపేర్లతో ఐదు అకౌంట్లు తెరిచేవాళ్లను చూశాను. నాకది నచ్చలేదు. 41 జీబీకి జాగా వెతకడం కన్నా, 41 ఎందుకుందో చూడడం మేలనిపించింది.

చూస్తే నవ్వొచ్చింది. కార్డుల్లో వేయడానికి కస్టమర్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ఫోటోలే 17 జీబీ. అవి వాళ్లవి, వాళ్ల దగ్గరే ఉంటాయి. సాఫ్ట్‌వేర్ సెటప్ ఫైళ్లు 4. ఇక ఒకే ఫైలుకు "ఫైనల్", "ఫైనల్ 2", "ఫైనల్ ఫైనల్", "నాయన చూసింది", "నాయన చూసింది కరెక్ట్" అని పేర్లు పెట్టిన నకళ్లు 9 జీబీ. అన్నీ తీసేస్తే మిగిలింది 11. 15లో సరిపోతుంది, కాస్త ఊపిరీ ఉంటుంది.

షాపు మెయిల్ అకౌంట్‌ని ముట్టుకోలేదు. గూగుల్ ఇచ్చే 15 జీబీ డ్రైవ్‌కు, జీమెయిల్‌కు, ఫోటోలకు కలిపి. అది నిండితే మెయిళ్లు రావడం ఆగిపోతుంది. ప్రూఫులన్నీ మెయిల్లోనే వచ్చే షాపుకు అంతకన్నా చావు లేదు. బ్యాకప్‌కు వేరే అకౌంట్ తెరిచాను. రెండేళ్లు ఎవరూ ముట్టని అకౌంట్‌ను గూగుల్ తీసేయగలదు కాబట్టి, దీన్ని తెరిచి వదిలేయడం కుదరదు. అప్పుడప్పుడూ లాగిన్ అవుతుండాలి.

రెండో వారం, సోమవారం

ఆర్‌క్లోన్ నిక్ క్రెయిగ్-వుడ్ మొదలుపెట్టిన ఉచిత ప్రోగ్రామ్. విండోస్‌లో దానికి తోడు విన్‌ఎఫ్ఎస్‌పీ అనేది వేసుకుంటే, క్లౌడ్‌లో ఉన్న ఫోల్డర్‌ను ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చి చూపిస్తుంది. నేను ఎక్స్ అని పెట్టాను. సి, డి, ఎక్స్.

గంటసేపు ఎక్స్ కనిపించనే లేదు. కమాండ్లు కొట్టే నల్ల విండోలో అంతా బాగుందనే ఉంది, ఎక్స్‌ప్లోరర్‌లో డ్రైవ్ లేదు. చివరికి తెలిసిందేమంటే, ఆ నల్ల విండోను నేను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచాను. అలా తగిలించిన డ్రైవ్ మామూలు యూజర్‌కు కనిపించదు. మూసి, మామూలుగా తెరిచి మళ్లీ ఇస్తే ఎక్స్ వచ్చి కూర్చుంది.

ఆ అక్షరం చూడగానే ఒక పాత సంగతి గుర్తొచ్చింది. 2004లో జీమెయిల్ వచ్చినప్పుడు 1 జీబీ ఇస్తామంటే ఎవరూ నమ్మలేదు, ఏప్రిల్ ఒకటో తేదీ జోకనుకున్నారు. ఆ ఏడాదే జీమెయిల్ డ్రైవ్ అని ఒక చిన్న ప్రోగ్రామ్ వచ్చింది. మన మెయిల్ అకౌంట్‌ను విండోస్‌లో ఒక డ్రైవ్‌లాగా చూపించేది. అందులో ఫైలు వేస్తే, మనకు మనమే అటాచ్‌మెంట్‌తో ఒక మెయిల్ పంపుకున్నట్టు. అప్పుడు నేను చదువుకుంటున్నా. నెట్ సెంటర్‌లో గంటకు కట్టిన డబ్బంతా ఒక్క ఫైలు ఎక్కడానికే అయిపోయేది. ఆ ప్రోగ్రామ్ ఇప్పుడు పనిచేయదు. ఆశ మాత్రం అదే: ఊరికే వచ్చిన జాగాకు ఒక అక్షరం తగిలించి మనదే అనుకోవడం.

మంగళవారం

ఆ అనుకోవడంలోనే మోసం ఉందని ఇవాళ తెలిసింది.

కోరల్ అంటే మేం కార్డులు, అట్టలు డిజైన్ చేసే ప్రోగ్రామ్. 180 ఎంబీ ఉన్న ఒక కోరల్ ఫైలును నేరుగా ఎక్స్ నుంచి తెరిచాను. అది తెరుచుకునేలోపు నాయన టీ తాగి వచ్చాడు. అక్షరం మార్చి, సేవ్ కొట్టి మూశాను. ఫైలు సేవ్ అయిందని కోరల్ అంటోంది, ఎక్స్‌లో కొత్త టైము కూడా కనబడుతోంది. అంతలో కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ముసలిది, సిస్టమ్ కూడా ఆగింది. ఫోన్లో అకౌంట్ తెరిచి చూస్తే అక్కడ ఉన్నది పాత ఫైలే.

ఎందుకంటే, రాయడం కుదరాలని నేను ఆర్‌క్లోన్‌లో కేష్‌ను, అంటే ఫైళ్లను తాత్కాలికంగా దాచుకునే చోటును, ఫుల్ అని పెట్టాను. ఎక్స్‌లో రాసింది ముందు సి డ్రైవ్‌లో ఒక మూలన పడుతుంది. ఫైలు మూసిన ఐదు సెకన్లకు అక్కడ్నుంచి పైకి ఎక్కడం మొదలవుతుంది. 180 ఎంబీ ఎక్కాలంటే నా లైనుకు మూడు నిమిషాలు. ఉత్తరం డబ్బాలో వేశాను, పోస్టుమన్ ఇంకా డబ్బా తెరవలేదు. కరెంటొచ్చాక అదే సెట్టింగుతో మళ్లీ తగిలిస్తే మిగిలింది ఎక్కింది, నష్టమేం లేదు. అదే ఆ మూడు నిమిషాల్లో సి డ్రైవ్ పోయుంటే?

ఇంకొకటి కూడా ఉంది. ఎక్స్ ఎప్పుడూ తగిలే ఉంటే, కస్టమర్ పెన్‌డ్రైవ్‌లో ఏ వైరసో వచ్చి ఫైళ్లన్నిటికీ తాళం వేసినప్పుడు ఎక్స్‌కు కూడా వేస్తుంది. దానికి అది ఇంకో డ్రైవే కదా. మా షాపులో రోజుకు పది పెన్‌డ్రైవ్‌లు గుచ్చుతారు.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. ఎక్స్ చూడడానికి మాత్రమే. అవసరమైనప్పుడు రీడ్ ఓన్లీగా తగిలిస్తా, చూస్తా, తీసేస్తా. బ్యాకప్ వేరే దారిలో, రాత్రి పూట, కాపీ కమాండ్‌తో పోతుంది. వర్చువల్ డ్రైవ్ కోసం మొదలుపెట్టిన పని ఇది. ఆ డ్రైవ్‌నే పక్కన పెట్టాల్సి వచ్చింది.

గురువారం

మా దగ్గర జనాల ఆధార్ స్కాన్లుంటాయి, బళ్ల ప్రశ్నపత్రాలుంటాయి. అవి విప్పిన కవర్లలాగా ఇంకొకరి సర్వర్లో పడేయలేను. ఆర్‌క్లోన్‌లోనే క్రిప్ట్ అని ఉంది. ఇక్కడే తాళం వేసి పంపుతుంది, ఫైళ్ల పేర్లకు కూడా.

పేర్ల దగ్గరే ఇరుక్కున్నా. ముందు లోకల్ డిస్క్ మీద ప్రయోగం చేస్తే, కొన్ని ఫైళ్లు "పేరు మరీ పొడవు" అని ఆగిపోయాయి. ఆ పేర్లేమో అంత పొడవేం లేవు. షాపులో పిల్లోడికి ఫైళ్లకు తెలుగులో పేరు పెట్టడం అలవాటు: "చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి" అని మొదలెట్టి మొత్తం కార్డంతా రాస్తాడు. క్రిప్ట్ తాళం వేశాక పేరు సాగుతుంది. అసలు పేరు 143 బైట్లు దాటితే, తాళం వేసిన పేరు 255 అక్షరాల హద్దు దాటిపోతుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు. తెలుగుకు మూడు, అదీ మన కంటికి కనిపించే అక్షరానికి కాదు. "శ్రీ" మనకు ఒక అక్షరం. కంప్యూటర్‌కు శ, పొల్లు, ర, ఈత్వం కలిపి నాలుగు. అంటే 12 బైట్లు. పదకొండు శ్రీలు పడతాయి, పన్నెండోది రాస్తే 144 బైట్లయి పేరు చెల్లదు.

పేరుకు వేసే ఆ కోడ్ పద్ధతి మార్చుకునే వీలుంది, అప్పుడు పేరు తక్కువ సాగుతుంది. కానీ నేను పిల్లోడినే మార్చాను. ఏడాది, నెల, బిల్లు నంబరు, అంతే పేరు. ఎవరి కార్డో ఒక ఎక్సెల్ షీట్‌లో ఉంటుంది. "అట్లయితే ఎవురిదో ఎట్ల తెలస్తాదన్నా?" అని వాడు రెండు రోజులు మొహం ముడుచుకున్నాడు.

మూడో వారం

మొదటి రాత్రి అప్‌లోడ్. 11 జీబీ, సెకనుకు 1 ఎంబీ లెక్కన మూడు గంటలనుకున్నా. తెల్లారి చూస్తే ఇంకా పూర్తి కాలేదు. లైను తప్పు కాదు. గూగుల్ డ్రైవ్‌లోకి ఫైళ్లు సెకనుకు సుమారు రెండే పోతాయి, ఎంత చిన్నవైనా. నా దగ్గర చిన్నా చితకా లోగోలు, బోర్డర్లు, పూల డిజైన్లు కలిపి 30 వేల ఫైళ్లు. ఒట్టి లెక్కకే నాలుగు గంటలు దాటుతుంది. పాత ఏళ్లవి ఎలాగూ మారవు కాబట్టి నెలకొక జిప్ కట్టాను. ఈ ఏడాదివి మాత్రం విడివిడిగా వదిలాను. జిప్‌లో ఒక్క కామా మార్చినా మొత్తం మళ్లీ ఎక్కాలి కదా.

రెండో రాత్రికి అంతా ఎక్కింది. క్రిప్ట్‌చెక్ అని ఒక కమాండ్ ఉంది. అంతా దింపుకోకుండానే ఇక్కడిది, అక్కడిది ఒకటేనా అని సరిచూస్తుంది. తేడాలు సున్నా. ఆ రోజు రాత్రి బాగా నిద్ర పట్టింది.

ఆ నిద్ర ఎక్కువ రోజులు నిలవలేదు. ఆర్‌క్లోన్ చేసిన పనులు రాసిపెట్టే లాగ్‌లో "టోకెన్ కాలం తీరింది" అని ఎర్రగా. టోకెన్ అంటే అకౌంట్లోకి వెళ్లడానికి గూగుల్ ఇచ్చే అనుమతి. వేగం కోసం అందరూ వాడే క్లయింట్ ఐడీ (గూగుల్ దగ్గర ప్రోగ్రామ్‌కు ఉండే గుర్తింపు) కాకుండా గూగుల్‌లో నా సొంతది చేసుకున్నాను, అలా చేసుకోమనే చెప్తారు. కానీ దాన్ని "టెస్టింగ్" అనే దశలోనే వదిలేశాను. ఆ దశలో ఇచ్చిన అనుమతి ఏడు రోజులకే చెల్లిపోతుంది. "ప్రొడక్షన్"కు మార్చి, మళ్లీ లాగిన్ అయ్యాను. తప్పు నాదే, రాసే ఉంది, చదవలేదు. లాగ్ చూసే అలవాటు లేకపోయుంటే శ్రావణమంతా బ్యాకప్ అవుతోందనే భ్రమలో ఉండేవాణ్ని.

ఇంకో సన్న సంగతి: విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో రాత్రి తొమ్మిదిన్నరకు పెట్టాను. చేత్తో నడిపితే నడుస్తోంది, షెడ్యూలర్ నడిపితే లేదు. సిస్టమ్ అనే యూజర్ కింద నడపమన్నాను, వాడికి నా సెట్టింగులున్న కాన్ఫిగ్ ఫైలు ఎక్కడుందో తెలియదు. పూర్తి దారి రాసిస్తే సరిపోయింది.

అదే వారం, శనివారం. పెద్ద తప్పు

సింక్‌కు కాపీకి తేడా తెలిసే ఉండి చేశాను. సింక్ అంటే ఇక్కడెట్లా ఉంటే అక్కడట్లా చేయడం. ఇక్కడ లేనిది అక్కడ కూడా తీసేస్తుంది. ముందు డ్రై రన్ ఇచ్చి, ఏమేం చేయబోతోందో చదివి, అప్పుడు నడపాలి. తొందరలో సింక్ కొట్టాను. ఆ మధ్యాహ్నమే 2019 ఫోల్డర్‌ను కొత్త డిస్క్‌లో వేరే చోటికి జరిపాను. క్లౌడ్‌లో 2019 మొత్తం పోయింది.

గూగుల్ డ్రైవ్‌లో తీసేసినవి చెత్తబుట్టలో 30 రోజులుంటాయి. ఊపిరి పీల్చుకుని వెబ్‌లో బుట్ట తెరిచాను. లోపల అన్నీ పిచ్చి అక్షరాల పేర్లు. తాళం వేసింది నేనే కదా! ఏది 2019, ఏది పనికిరానిదో చెప్పడానికి లేదు. ఆర్‌క్లోన్‌లో అన్‌ట్రాష్ అని ఉంది. ఆ ఫోల్డర్ కింద తీసేసినవన్నీ వెనక్కి పెడుతుంది. ఈసారి డ్రై రన్ ఇచ్చే నడిపాను. వచ్చినాయి. అక్కర్లేనివి కూడా కొన్ని వచ్చాయి, అవి తర్వాత ఏరుకున్నా. ఆ బుట్టలో ఉన్నవి కూడా 15 జీబీ లెక్కలోకే వస్తాయని అప్పుడే తెలిసింది. నిండిన జాగా ఎందుకు తగ్గడం లేదా అని అంతకుముందు రెండు రోజులు తల బాదుకున్నాను.

సింక్ మాట మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు నడిచేది కాపీ, దానికి బ్యాకప్-డిర్ తోడు. ఒక ఫైలు మారితే, పాతదాన్ని చెరిపేయకుండా ఆ రోజు తేదీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోకి జరిపి, కొత్తదాన్ని దాని చోట పెడుతుంది.

నాలుగో వారం, చిత్తూరు

ఒక అయ్యవారు వచ్చారు. రిటైరయ్యారు. 2018లో మా దగ్గరే పద్యాల పుస్తకం వేయించుకున్నారు. రెండో ముద్రణ వేద్దామంటారు. "అప్పటి అట్ట ఉందా నాయనా?" ఉంది, షాపులోనే ఉంది. కానీ లేదనుకుందాం అనుకున్నా. షాపు మొత్తం మునిగిపోయింది, నా దగ్గర జేబులో కాగితం ఒక్కటే ఉంది. దాంతో ఆ అట్ట తేగలనా?

కాగితంలో ఏముందంటే: అకౌంట్ పేరు, దాని పాస్‌వర్డ్, ఫోన్ కూడా పోతే లాగిన్ అవడానికి గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లు, క్రిప్ట్‌కు ఉన్న రెండు పాస్‌వర్డ్‌లు. ఆ రెండూ పోతే ఎవ్వరూ తెరవలేరు. రెండు ప్రతులు తీశాను. ఒకటి ఇంటి కాగితాలతో పాటు బీరువాలో. రెండోది 70 కిలోమీటర్ల అవతల, చిత్తూరులో అక్క ఇంట్లో. బస్సెక్కాను.

అక్క కొడుకు డిజైనింగ్ చేస్తాడు, వాడి ల్యాప్‌టాప్‌లో కోరల్ ఉంది. ఆర్‌క్లోన్ వేశాను, లాగిన్ అయ్యాను, క్రిప్ట్ పాస్‌వర్డ్‌లు చూసి చూసి కొట్టాను. ఫోల్డర్ తెరిస్తే ఖాళీ.

ఏమీ లేదు. పాస్‌వర్డ్ తప్పని కూడా అనలేదు, ఒట్టి ఖాళీ. కాళ్లు చల్లబడ్డాయి. క్రిప్ట్ పద్ధతే అదట: తాళంచెవి సరిపోకపోతే పేర్లు విప్పలేదు, విప్పలేని పేర్లను చూపించకుండా దాటేస్తుంది. అక్క పక్కన నిలబడి, "ఏమిరా, మొగం అట్లయిపాయ? కాఫీ తాగు ముందు" అంది. కాఫీ తాగుతూ కాగితాన్ని వెలుతురులో పెట్టి చూశాను. పాస్‌వర్డ్‌లో ఆరో అక్షరం. ఒకటి అంకెనా, ఇంగ్లిష్ చిన్నబడి ఎల్లా? ఇరవై ఏళ్లుగా అక్షరాలతోనే బతుకుతున్నవాణ్ని, అందమైన ఫాంట్‌లో ప్రింటు తీసుకున్నాను. ఆ ఫాంట్‌లో రెండూ ఒకే నిలువు గీత. ఎల్ బదులు ఒకటి కొట్టాను. ఏడేళ్ల ఫైళ్లు వరసగా వచ్చి నిలబడ్డాయి.

అట్ట దిగింది. కోరల్‌లో తెరిస్తే బొమ్మ ఉంది, రంగులున్నాయి, పుస్తకం పేరు ఉండాల్సిన చోట మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలిసిన గజిబిజి. "ఇదేం భాష మామా?" అన్నాడు మేనల్లుడు. అది తెలుగే. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఫోన్లలో వాడేలాంటి యూనికోడ్ తెలుగు కాదు. ఆ ఫాంట్ ఉంటేనే తెలుగు, లేకపోతే అదీ. ఫాంట్లు షాపు ఫోల్డర్‌లో ఎక్కడున్నాయి? విండోస్ ఫోల్డర్‌లో ఉన్నాయి, నేను బ్యాకప్ చేసింది ఒక్క షాపు ఫోల్డరే. 11 జీబీ భద్రంగా ఉంది, చదవడానికి మాత్రం కుదరదు.

తిరుపతి వచ్చిన రాత్రే ఫాంట్లన్నీ వేరే ఫోల్డర్‌లోకి తీసి లిస్ట్‌లో చేర్చాను. పూర్తయిన ప్రతి పనికీ అక్షరాలు గీతలుగా మార్చిన ఒక పీడీఎఫ్ కూడా పెట్టాలని పిల్లోడికి చెప్పాను. కాగితం మళ్లీ ప్రింటు తీశాను, సున్నాకు అడ్డగీత, ఒకటికి పీఠం ఉండే టైప్‌రైటర్ ఫాంట్‌లో. అక్కకు ఆదివారం మేనల్లుడు వచ్చినప్పుడు కొత్తది ఇచ్చి పంపాలి, పాతది చించేయమని చెప్పాలి.

ఆషాఢం ఆఖరు

శ్రావణం మొదటి ముహూర్తాల కార్డులు మూడు ఆర్డరయ్యాయి. అయ్యవారు అట్ట ప్రూఫ్ చూసుకుని కళ్లద్దాలు పైకి తోసి, "అంతా బాగుంది, వెనక ధర మార్చు నాయనా, 60 రూపాయలకు ఇప్పుడు కాగితం కూడా రాదు" అన్నారు. 150 చేశాను. సేవ్ కొట్టి షట్టర్ దించేటప్పటికి తొమ్మిది దాటింది.

ఇంటికొచ్చి భోంచేసి ఫోన్లో లాగ్ తెరిచాను. 60 రూపాయల అట్ట తేదీ ఫోల్డర్‌లోకి జరిగింది. 150 రూపాయలది దాని చోట కూర్చుంది. రెండు లైన్లు, ఎర్రగా ఏమీ లేదు.